ఎనిమిదో ఎంపిక

"క్వార్టర్‌బ్యాక్‌నే తీసుకోండి," అన్నాడు ఓరిన్ హలాష్. ఆ మాట అనడం అది మూడోసారి.

అన్నది లెలాండ్ ప్రూయిట్‌తో. టొలీడో హెరన్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ క్లబ్బుకు మేనేజరుగా వచ్చి అతనికి మూడు నెలలయింది. కాలేజీ ఆటగాళ్లను క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునే రోజు ఇంకో వారంలో ఉంది. హెరన్స్‌ది ఎనిమిదో వంతు. ఆ తొలి ఎంపికను ఏ స్థానానికి వాడాలన్నదే తగువు. పాత మేనేజరు సరిగ్గా ఇక్కడే పొరబడి పెట్టె సర్దుకున్నాడు.

"ఆ చోటుకి మనకి మనిషున్నాడు," అన్నాడు కోచ్ డాబ్రీ, కాగితాల్లోంచి తలెత్తకుండా. "లేనిదల్లా అతన్ని కాసేవాడే. పోయిన సీజన్లో యాభై ఒక్కసారి నేలకేసి కొట్టారు. ఎడమవైపు కొండలాంటి వాణ్ణి నిలబెడదాం. బ్రూక్స్ టిల్మన్ ఉన్నాడుగా."

"ఎంత కొండని నిలబెట్టినా బంతి విసరాల్సింది చెయ్యేగా," అన్నాడు ఓరిన్. "ఆ చెయ్యి ఇంకో ఏడాది నిలవదు. మలకై ఫాంటనోని తీసుకోండి."

కోచ్ ఓరిన్ వైపు ఓసారి చూసి మళ్లీ కాగితాల్లోకి తల దించాడు. లెలాండ్ అది గమనించాడు.

ఈ క్లబ్బులో ఓరిన్ మాటకి ఎవరూ ఎదురాడరు. పన్నెండేళ్ల పాతకాపు. వంటగదిలో ఇర్మా అతని కోసం క్యాబేజీ రోల్స్ విడిగా దాచిపెడుతుంది. గేటు దగ్గర మనిషి అతని కారు కనబడితే లేచి నిలబడతాడు. యజమానురాలు సోబ్‌చాక్ గారైతే మొదటిరోజే చెప్పారు: "ఏం చేసినా ఓరిన్‌ని ఓ మాట అడుగు నాయనా."

అడిగాడు. అడిగిన దగ్గర్నుంచీ మనసు కుదురుగా లేదు. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి విసిరేవాడు, ఆటంతా తన చేతి మీద నడిపేవాడు. ఆ చోటుకి కొత్తవాణ్ణి తెమ్మని ఈ మనిషి ఇంత పట్టుబట్టడమేమిటి? ఇందులో ఇతనికి ఒరిగేదేమిటి?

శుక్రవారం గస్ లిండ్‌క్విస్ట్ వచ్చాడు. ఊరూరా తిరిగి ఆటగాళ్లను చూసి రావడం అతని పని. తలుపు దగ్గరికి వేసి కూర్చున్నాడు.

"ఫిండ్లే ఊళ్లో చూశాను ఇద్దర్నీ. ఓరిన్, ఆ మలకై. ఓ చిన్న హోటల్లో మూల బల్ల దగ్గర గంటన్నర కూర్చున్నారు. లేచేటప్పుడు ఓరిన్ ఓ లావుపాటి నోటుపుస్తకం ఇచ్చాడు."

"నిన్ను చూశాడా?"

"చూస్తే పిలిచి నాకూ ఓ ప్లేటు చెప్పేవాడే. అతనంతే."

ఆ మంచితనమే లెలాండ్‌కి మరీ నచ్చలేదు. వేరే క్లబ్బుతో ఏదైనా మాట్లాడుకుంటున్నాడా? కుర్రాడి ఏజెంటుతో చేతులు కలిపాడా?

సోమవారం ఓరిన్ క్లబ్బు డాక్టరు గదిలోంచి బయటికి వస్తూ కనిపించాడు. లెలాండ్ లోపలికి వెళ్లేసరికి డాక్టరు బల్ల మీది ఫైలు బోర్లించేశాడు. ఆ మధ్యాహ్నమే టిల్మన్ మోకాలి మీద రిపోర్టు వచ్చింది. మోకాలు అంత గట్టిది కాదట. ఆ రాత వెనక ఎవరున్నారో లెలాండ్‌కి వేరే చెప్పనక్కర్లేదనిపించింది. ఎక్స్‌రేలు క్లీవ్‌లాండ్‌లో ఇంకో డాక్టరుకి పంపించాడు. ఆయనా అదే మాటన్నాడు. అయినా లెలాండ్ అనుమానం తీరలేదు. ఇంత పకడ్బందీగా చేశాడా అనుకున్నాడు.

ఎంపిక రోజు రానే వచ్చింది. గదిలోకి వెళ్లబోతున్న ఓరిన్‌ని లెలాండ్ వరండాలో ఆపాడు.

"ఆ కుర్రాడికిచ్చిన పుస్తకంలో ఏముంది?"

ఓరిన్ తడబడలేదు. "ఏ జట్టు ఎటునుంచి మీద పడుతుందో ఉంది. ఎవడు దూకే ముందు భుజం కదుపుతాడో, ఎవడు ఉత్తుత్తినే బెదిరిస్తాడో. పన్నెండేళ్లుగా రాసుకున్నది."

"ఇంకా మనవాడు కాకముందే మన గుట్టంతా అప్పజెప్పారా? మన వంతు వచ్చేలోపు వేరేవాళ్లు ఎత్తుకుపోతే?"

"పోనివ్వండి. నాలుగు దెబ్బలు తక్కువ తింటాడు."

"డాక్టరుతో ఏం పని?"

"అది నా సొంత విషయం. మీ ఎంపిక అయిపోయాక చెప్తాను." ఓరిన్ కుడి భుజం నిమురుకుంటూ పక్కకి తప్పుకుని దారిచ్చాడు. "ఇప్పుడు చెప్తే మీ నిర్ణయం మీది కాకుండా పోతుంది."

లెలాండ్ ఆ ముఖంలోకి చూశాడు. తను వెతుకుతున్నది దొరకలేదు.

ఏడు ఎంపికలు అయిపోయాయి. మలకై, టిల్మన్ ఇద్దరూ మిగిలే ఉన్నారు. ఒక్కో వంతుకి పది నిమిషాలే; గోడ మీద గడియారం వెనక్కి లెక్కపెడుతోంది. టిల్మన్‌నే తీసుకుందామన్నాడు కోచ్. గస్ భుజాలెగరేశాడు. ఓరిన్ గడియారం వంకే చూస్తున్నాడు.

లెలాండ్ సొరుగు తెరిచాడు. ఉద్యోగంలో చేరకముందే, ఇక్కడ ఎవరి ముఖమూ చూడకముందే, తన చేత్తో రాసుకున్న జాబితా ఒకటి అందులో ఉంది. హెరన్స్ ఆటలన్నీ వరసపెట్టి చూసి రాసింది. అందులో మొదటి పేరు మలకైదే. ఓరిన్ నోట విన్నాకే ఆ పేరు తనకి చేదయిందని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. అనుమానం మాత్రం పూర్తిగా పోలేదు.

రెండు నిమిషాలుండగా అన్నాడు: "మలకై ఫాంటనో."

కోచ్ పెన్ను బల్ల మీద పడేసి కళ్లు తుడుచుకున్నాడు. ఆ వయసు మనిషికి ఏడుపెందుకో లెలాండ్‌కి అర్థం కాలేదు.

ఫోను కలిపి అందరికీ వినబడేలా బల్ల మధ్యలో పెట్టారు. అవతల కేకలు, ఈలలు, ఎవరో ఆడమనిషి దేవుడికి దణ్ణాలు పెట్టుకుంటున్న గొంతు. లెలాండ్ అభినందనలు చెప్పి ఫోను ఓరిన్ వైపు జరిపాడు.

"మలకై, నేను ఓరిన్‌ని. మంచి ఊరొచ్చావయ్యా."

అవతల ఓ తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత ఆ కుర్రాడి గొంతు, మెల్లగా వినిపించింది.

"సార్, పన్నెండేళ్లుగా క్వార్టర్‌బ్యాక్ చోటు మీదే కదా, ఇక మీరెక్కడ ఆడతారు?"