సర్వరు గది తాళం

తొంభై ఆరులో రేపల్లెలో మా రైసుమిల్లు ఆఫీసుకి ఐదు కంప్యూటర్లూ ఒక సర్వరూ వస్తే, వాటన్నిటికీ వైరు లాగింది నేను. నాకెవరూ నేర్పలేదు. అయినా సర్వరు గది తాళం మాత్రం, గుంటూరులో కోర్సు చేసి నిన్నగాక మొన్న చేరిన ప్రమీల చేతిలో పెట్టాడు ఓనరు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వైరు కొసన బిగించే టెర్మినేటరు బొటనవేలంత ఉంటుంది. అది లేకపోతే ఐదు కంప్యూటర్లూ సర్వరుతో మాట్లాడవు. మధ్యాహ్నం, సర్వరు గది బయటున్న కొసనుంచి దాన్ని పీకి జేబులో వేసుకున్నాను. బిల్లులు రాక గేటు దగ్గర లారీలు ఆగిపోయాయి. ఇప్పుడు ఆ సర్టిఫికెట్టు ఏం చేస్తుందో చూద్దామనుకున్నాను.

పావుగంటకి ఓనరు వచ్చి నా భుజం తట్టాడు. "బాగు చేసేశావంటగా లూకా! ప్రమీల చెప్పింది."

పరుగెత్తి చూశాను. వైరు కొసన కొత్త టెర్మినేటరు ఉంది.

"నా పేరెందుకు చెప్పారండీ?" అని ఆమెను నిలదీశాను.

"అది దానంతటదే ఊడదుగా లూకా గారూ. మీరే పీకారని చెబితే ఇవాళే పంపేసేవారు."

"పంపితే మీకేంటంట?"

"ఏ వైరు ఏ గోడలోంచి పోయిందో మీకొక్కరికే తెలుసు. అదంతా గీసిచ్చేదాకా మీరుండాలండి," అంటూ ప్రమీల ఒక తెల్లకాగితం నా ముందుకు తోసింది.