మూసిన తలుపు మర్యాద

"పరదేశపోళ్ళు ఎవరన్న ఉన్నరా సారూ, మీ ఇంట్ల?"

గడపలో నిలబడ్డ సర్కారు వాలంటీరు బ్రహ్మచారి జబ్బకు కొత్త పట్టీ, చంకలో కర్ర ఉన్నాయి. జకర్యా మాస్టారు నవ్వి, కుర్చీ వైపు చెయ్యి చూపించాడు.

"ఉన్నారు. లోపలికి వచ్చి చూడు. మిస్ ఎమిలీ గారు, అమెరికా. మన ఊరు రావడం ఇది రెండోసారి."

కుర్చీలో ఉన్న దొరసాని తల వంచి నమస్కారం పెట్టింది. గౌను భుజాల దగ్గర కాస్త వదులుగా ఉంది. బ్రహ్మచారి కంగారుగా చెప్పులు విడిచాడు. కర్రను గోడకు ఆనించాడు. అది జారి కింద పడింది. మళ్ళీ ఆనించాడు.

మార్త వంటింటి తలుపుకు వీపు ఆనించి నిలబడింది. గుంటూరు దగ్గర పల్లెలో బడి అయిపోయాక చదువు కోసం ఈ పిన్నీ బాబాయిల ఇంటికి వచ్చింది. కొత్తవాళ్ళ ముందు ఆమెకు మాట పెగలదు. ఇవాళ మాట్లాడక్కర్లేదు, అక్కణ్ణుంచి కదలకుండా ఉంటే చాలని పిన్ని ఎలీసబెతు చెప్పింది.

"నేనడిగేది దొరసానిని కాదు సారూ. మీ పక్కింటి కాబూలీ అబ్బాస్ పెండ్లాం, బానో. యూనియన్ పటాలాలు వచ్చి నిజాం మీద గెలిచినంక గసుంటోళ్ళను వాళ్ళ దేశాలకు పంపిస్తున్నరు కద. ఆమెను సాయంత్రం బొంబాయి బండి ఎక్కియ్యమన్నరు."

"మరి అబ్బాస్?"

"ఆయన జైల్ల ఉన్నడు. ఎప్పుడు ఇడుస్తరో ఎవరికెరుక?"

"మొగుడో దిక్కు, పెళ్ళామో దిక్కా?" కెటిల్‌లోంచి టీ వంపుతూ అంది ఎలీసబెతు.

"నన్నేం జెయ్యమంటవమ్మా? చెప్పిన పని చేస్తున్న. ఆమెనేమో పరదా మనిషి. మొహం ఎట్లుంటదో రెజిమెంటల్ బజార్ల ఒక్కనికి తెల్వదు. పొద్దటిసంది పరేషాన్ అయితున్న."

నిరుడు మార్తకు టైఫాయిడ్ వచ్చినప్పుడు వీధివాళ్ళెవరూ గడప తొక్కలేదు. బానో మాత్రం పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూనే ఉంది. అబ్బాస్ తిరిగొచ్చేదాకా ఆమెను ఎలాగైనా దాచాలని బాబాయి అంటే అందరికంటే ముందు తల ఊపింది మార్తే.

దొరసాని గబగబా ఏదో అంది. బ్రహ్మచారి చెవి రిక్కించాడు.

"ఇదేం ఇంగ్లీషు సారూ? కంటోన్మెంట్ల దొరలు గిట్ల మాట్లాడరే!"

"వాళ్ళు ఇంగ్లండువాళ్ళు. ఈవిడది అమెరికా. మీ నేరేడ్‌మెట్ తెలుగూ మా గుంటూరు తెలుగూ ఒకటేనా?"

"అదీ నిజమే. మీరు మాట్లాడితే నాకు సగం సమజే కాదు. ఏమంటాంది?"

"జర్మనీ సంగతులు చెబుతున్నారు. చదువుకునే రోజుల్లో అక్కడ ఉండి, యుద్ధం అయ్యాక మళ్ళీ వెళ్ళి చూసొచ్చారు. అమెరికాలో దారిన పోయేవాళ్ళను చూసి కూడా నవ్వుతారట. జర్మనీలో అలా నవ్వితే, పిచ్చిదేమో అన్నట్టు చూశారట."

"మా తాన సుత గంతే!"

ఎండాకాలంలో చర్చిలో మిస్ ఎమిలీ చెప్పిన ఈ కబుర్లు మార్త ఒకసారి విన్నది. అప్పుడూ తెలుగులోకి మార్చి చెప్పింది బాబాయే.

"కానీ ఇంటికి పిలిచారంటే మాత్రం, చిన్నపిల్లలతో సహా ప్రతి ఒక్కరూ వచ్చి చెయ్యి కలుపుతారట."

బ్రహ్మచారి తన అరచేతిని చూసుకుని, పంచెకు తుడుచుకుని, ముందుకు చాచాడు. దొరసాని క్షణం ఆగింది. ఆ తర్వాత వేళ్ళ కొసలు అందించింది.

"అబ్బ, ఎంత సల్లగున్నయ్!"

"మంచు దేశం కదా," అన్నాడు జకర్యా.

ఎలీసబెతు టీ ఇచ్చింది. దొరసాని దాన్ని సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ జుర్రింది. బ్రహ్మచారి నోరు తెరిచాడు. ఎలీసబెతు గబుక్కున కెటిల్ కింద పెట్టింది.

"అరె, అచ్చం మన లెక్కనే!"

"రెండోసారి కదా," అంది ఎలీసబెతు. "మన అలవాట్లు బాగా వంటబట్టాయి."

బ్రహ్మచారి నవ్వుతూనే మార్త వైపు చూశాడు.

"ఆ తలుపెందుకు మూసిన్రు? పట్టపగలు వంటిల్లు మూసుకుంటరా ఎవరన్న?"

మార్త తలుపుకు ఇంకాస్త గట్టిగా ఆనుకుంది. దొరసాని మెల్లగా, చాలాసేపు మాట్లాడింది. జకర్యా గొంతు సవరించుకున్నాడు.

"జర్మనీలో ఇంట్లో తలుపులన్నీ ఎప్పుడూ మూసే ఉంటాయట. అమెరికాలో మూస్తే కోపం వచ్చిందనుకుంటారు. అది తెలియక ఈవిడ మొదటిసారి ఓ తలుపు తోసుకుని వెళ్ళారు. లోపల ఇంటి ముసలావిడ స్నానం చేస్తోంది."

"అయ్యో! మరి?"

"అరవలేదట. తడి చెయ్యి చాచి, మర్యాదగా చెయ్యి కలిపిందట."

బ్రహ్మచారి తొడ చరుచుకుని నవ్వాడు. "మా అత్త అయితే చెంబు ఇసిరేస్తుండె!"

"అడక్కుండా మూసిన తలుపు తీయడం కంటే అమర్యాద ఆ దేశంలో లేదట. అయినా నీ పని నీది. తీయమంటావా?"

మార్త కళ్ళు మూసుకుంది.

"వద్దు సారూ, వద్దు! దొరసాని ముందల ఇజ్జత్ పోగొట్టుకుంటనా? పద్మారావు నగర్ దిక్కు జూస్త."

పోతూ పోతూ అతను అందరితో చెయ్యి కలిపాడు. మార్తను కూడా వదల్లేదు. కర్ర మరిచిపోయి, మళ్ళీ వచ్చి తీసుకుపోయాడు.

అడుగుల చప్పుడు వీధి మలుపు దాటింది. జకర్యా నేల మీదే కూలబడి ముఖం తుడుచుకున్నాడు. ఎలీసబెతు "ప్రభువా!" అని గోడకు ఆనుకుంది. మార్త వంటింటి తలుపు తీసింది.

"లోపల గూట్ల నా బుర్ఖా ఉంది, జెర తేవా బిడ్డా," అంది అమెరికా దొరసాని.