తొమ్మిదో అధ్యాయంలో ఎనిమిది నిమిషాలు

"ఓయ్, ముల్లుగారు మళ్లీ గుచ్చారు!"

టీ కప్పు ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో పట్టుకుని భర్త కేకేశాడు.

ఆమె నోట్లో బ్రష్షుతోనే పరుగెత్తుకొచ్చింది.

పుస్తకాలు పైకి చదివి ఆడియోగా రికార్డు చేయడం ఆమె ఉద్యోగం. పెళ్లయి మూడు నెలలు. చదివినవి మూడు పుస్తకాలు. నెలకొకటి చొప్పున భలే కుదిరిందని తనలో తనే మురిసిపోయేది.

మూడోది, తక్కువ మాట్లాడటం ఎలాగో నేర్పే పుస్తకం. స్టూడియో వాళ్ల యాప్‌లోకి వచ్చి వారమైంది. అప్పుడే నలభై మంది మెచ్చుకున్నారు. అందరూ ఐదు స్టార్లే ఇచ్చారు.

ఒక్కరు తప్ప.

ఆ ఒక్కరూ పేరు పెట్టుకోలేదు. మొగుడూ పెళ్లాం కలిసి పెట్టిన పేరే ముల్లుగారు.

మొదటి పుస్తకం గురించి ఆయన ఇలా రాశాడు: "పొద్దున్నే లేస్తే జీవితం మారిపోతుందన్నారు. నెల రోజులు లేచాను. పేపరు వేసే అతనితో పరిచయం పెరిగింది, అంతే. చదివినావిడ రెండో అధ్యాయంలో ఆవలింత మింగారు. పుస్తకం మొత్తంలో నేను నమ్మింది దాన్నే. రెండు స్టార్లు."

రెండోదాని గురించి: "ఇంట్లో అక్కర్లేనివన్నీ తీసి పారేయమన్నారు. ఈ పుస్తకంలో నాలుగో అధ్యాయంతో మొదలుపెట్టొచ్చు. ఆవిడకి జలుబు చేసినట్టుంది. రెండు రోజులు ఆగి చదవాల్సింది. మూడు స్టార్లు."

"అప్పుడు నీకు జలుబు చేసిన మాట నిజమేగా?" అన్నాడు భర్త అప్పట్లో.

"నువ్వు నా పక్షమా, ఆయన పక్షమా?"

"అమ్మో, నీ పక్షమే తల్లీ!"

ఇప్పుడు మూడోది. ఆమె నోరు కడుక్కొచ్చి ఫోను లాక్కుంది.

"తక్కువ మాట్లాడటం గురించి పదకొండు గంటలు మాట్లాడారు. అయినా విన్నాను. తొమ్మిదో అధ్యాయంలో ఎనిమిది నిమిషాలు శబ్దమే లేదు. ఎవరూ చెప్పలేదా? ఒక స్టారు."

ఆమె మొహం మాడిపోయింది.

తొమ్మిదో అధ్యాయం ఆమె ప్రాణం. అది ఒక్క తప్పు లేకుండా చదివిన రోజు ఇంటికొచ్చి మంచమెక్కి గంతులేసింది. నలభై మందిలో ముప్పై మంది దాన్నే పొగిడారు.

"ఎంత అబద్ధం! నువ్వు విన్నావుగా?"

"బస్సులో విన్నాను. కళ్లనీళ్లు పెట్టుకున్నాను. పక్కనాయన ఏమైంది బాబూ అని కూడా అడిగాడు."

"ఒక్క ఫిర్యాదు కూడా రాకపోతే తర్వాతి పుస్తకం, సముద్రాల చరిత్ర, నాకే ఇస్తానన్నారు మా సారు. ఇది చూస్తే ఇంకేమన్నా ఉందా!"

"పోనీలెద్దూ, ఒక్కడేగా."

"ఒక్కడు చెప్పినా అబద్ధం అబద్ధమే."

అతను టీలో ఏదో పడ్డట్టు కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు.

ఆమె అప్పటికప్పుడు స్టూడియో యజమానికి రాసింది: "కావాలని బురద చల్లుతున్నాడు. తీసేయండి సార్."

సాయంత్రానికి ముల్లుగారు లేరు.

ఇంట్లో ఇద్దరూ పండగ చేసుకున్నారు.

రెండు రోజుల తర్వాత యజమాని ఆమెని గదిలోకి పిలిచాడు.

"తొమ్మిదో అధ్యాయం ఒకసారి వినమ్మా."

హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఆమె గొంతు హాయిగా సాగుతోంది. ఒక వాక్యం మధ్యలో ఆగిపోయింది. తర్వాత ఏమీ లేదు.

అర నిమిషానికే ఉండబట్టలేక హెడ్‌ఫోన్లు తీసేసింది.

"ఎనిమిది నిమిషాలు అంతే" అన్నాడు యజమాని. "ముక్కలు అతికించేటప్పుడు రికార్డిస్టు చేసిన పొరపాటు. నీ తప్పేం లేదు. సముద్రాలు నీకే ఇస్తున్నాను. ఒక్కటే నాకు అంతుబట్టడం లేదు. ముప్పై మంది ఈ అధ్యాయం వింటూ ఏడ్చేశామని రాశారే, ఏం విని ఏడ్చారమ్మా?"

ఆమె ఇంటికొచ్చింది. భర్త సోఫాలో కాళ్లు చాపుకుని ఉన్నాడు.

"బస్సులో కళ్లనీళ్లు పెట్టుకున్నావుగా. ఏం విని?"

అతను కాళ్లు కిందికి దించాడు.

"నువ్వు చిన్నబుచ్చుకుంటావని... ఆఫీసులో ఒక్కొక్కరి ఫోనూ బతిమాలి తీసుకున్నాను. నలభై, నలభై రకాలుగా రాయడం మాటలనుకున్నావా?"

"నలభైయ్యీ నువ్వేనా?"

"తొమ్మిదోది బాగా వచ్చిందని నువ్వే గంతులేశావుగా. అందుకని దాని గురించే ఎక్కువ రాశాను."

"అసలు విన్నావా?"

"మొదలుపెడతాను. పది నిమిషాలకే నిద్ర ముంచుకొస్తుంది. అయినా నీ గొంతు ఇంట్లో రోజూ వింటూనే ఉన్నానుగా!"

పొద్దున్నే టీ తాగుతూ ఆ పొగడ్తలన్నీ ఆమెకి చదివి వినిపించింది అతనే. "ఎవరో మహానుభావుడు, ఎంత బాగా రాశాడో చూడు" అని కళ్లు పెద్దవి చేసిందీ అతనే.

"మీరు కాసేపు బయటికి వెళ్తారా?" అంది.

పెళ్లయ్యాక అతణ్ణి "మీరు" అనడం అదే మొదటిసారి.

తలుపు మూసుకున్నాక యజమానికి ఫోన్ చేసింది.

"సార్, ఆయనకి నాలుగు ముక్కలు రాయాలి. ఆ ఒక్క స్టారు ఇచ్చినాయనకి."

"ఎలాగమ్మా? నువ్వు తీసేయమంటేనే ఆయన ఖాతా మొత్తం తీసేశాం. ఫోన్ నంబరుతో సహా అన్నీ పోయాయి. ఎవరు ఎంతవరకు విన్నారో మనిషికో గీత గీసి చూపే కాగితం ఒక్కటే మిగిలింది. పంపనా?"

వచ్చింది. నలభై ఒక్క గీతలు.

నలభై గీతలు మొదటి అధ్యాయం కూడా దాటలేదు.

నలభై ఒకటోది చివరి మాట దాకా వెళ్లింది. ఏమీ వినిపించని ఆ ఎనిమిది నిమిషాల్లో కూడా ఎక్కడా ముందుకి గెంతకుండా, ఆమె గొంతు మళ్లీ వస్తుందని ఎదురుచూస్తూ కూర్చున్న మనిషిది.