లోర్వాక్స్ అన్నందుకు

"ఇది లోర్వాక్స్ బండి కదూ, బాబూ?" అంది అప్పుడే లోపలికొచ్చిన పెద్దావిడ.

హాల్లో ఉన్న పన్నెండుమందీ గొల్లున నవ్వారు.

సెక్రటరీ మాత్రం నవ్వలేదు. గొంతు సవరించుకున్నాడు.

"లోర్వో అనాలమ్మా. చివరి అక్షరాలు రాతకే. నోటికి రాకూడదు."

ఆయన ఆ సైకిల్ క్లబ్బుకి సెక్రటరీ. దేశదేశాల సైకిల్ కంపెనీల పేర్లన్నీ ఆయనకి కంఠతా వచ్చు. ఏ పేరులో ఏ అక్షరం మింగాలో, ఏది సాగదీయాలో ఆయన చెప్పిందే వేదం. వెనకాల అందరూ ఆయన్ని పలుకుల మాస్టారు అనేవారు. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసి మురిసిపోయేవాడు కూడా.

క్లబ్బులో ఆయన పెట్టిన రూలొకటుంది. కంపెనీ పేరు తప్పు పలికినవాళ్లు ఆ పూట అక్కడున్న బళ్లన్నిటి చైన్లూ తుడవాలి.

ఇవాళ పాత సైకిళ్ల ప్రదర్శన. సభ్యులు తలా ఒక బండి తెచ్చారు. పదమూడింటికీ మధ్యలో, ఎత్తు బల్ల మీద, సెక్రటరీ నాన్న తొక్కిన లోర్వో.

"మేమంతా లోర్వాక్స్ అనే అనేవాళ్లం," అంది పెద్దావిడ. చేతిలో గుడ్డ సంచీ, కాళ్లకి అరిగిన చెప్పులు. ఎండకి తలదాచుకోవడానికి వచ్చినట్టుంది.

"మీరూ నేనూ ఏమంటే ఏం లాభం? చేసినవాళ్లు ఎలా అంటే అదే సరైన పలుకు."

ఆవిడ బల్ల మీది బండిని ఓసారి తేరిపార చూసింది.

"అదీ నిజమేలే," అంది.

"రూలు రూలే, సెక్రటరీ గారూ!" వెనకనించి పళ్ల డాక్టరు అరిచాడు. నిరుడు ఇలాంటి తప్పుకే ఆయనచేత పదకొండు చైన్లు తుడిపించారు. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

"ఏం రూలు బాబూ?"

సెక్రటరీ చెప్పాడు. నవ్వులాటకే చెప్పాడు.

ఆవిడ సంచీ పక్కనపెట్టి, రవిక చేతులు పైకి మడుచుకుని, గుడ్డ ఇమ్మంది.

"అయ్యయ్యో, వద్దమ్మా!"

"తప్పన్నాక తప్పే కదా. ఇలా ఇవ్వండి."

ఒక చేత్తో పెడలు తిప్పింది. రెండో చేత్తో గుడ్డ పట్టుకుంది. చైను దానంతటదే మెరుస్తూ బయటికొచ్చింది. నాలుగో బండికల్లా నవ్వినవాళ్లు దగ్గరికొచ్చి చూడసాగారు.

పన్నెండు అయ్యాయి. పదమూడోది లోర్వో.

"దాన్ని వదిలెయ్యండమ్మా. కదిపితే టిక్కుమంటుంది. ముగ్గురు మెకానిక్కులు చూశారు. లోపలెక్కడో పగులుందట. ఇక తొక్కొద్దు, గోడకి తగిలించుకోమన్నారు."

ఆయన గొంతు కాస్త తగ్గింది.

"రేపు క్లబ్బు యాత్ర. నాన్న బండి మీద అందరికంటే ముందు వెళ్లాలనుకున్నాను. రాత లేదు."

పెద్దావిడ బండిని అటూ ఇటూ ఊపింది. టిక్. గొట్టానికి చెవి ఆనించి మళ్లీ ఊపింది.

"పగుల్లేదు."

"మీకెలా తెలుసు?"

"పగిలితే మూలుగుతుంది. ఇది ఆడుకుంటోంది."

సెక్రటరీకి ఒళ్లు మండింది. పేరు పలకడం రాని మనిషి రోగం చెబుతోంది!

"చైను తుడిస్తే చాలు. అడుగున గుర్తుంటుంది, దాని మీద మాత్రం చెయ్యి వెయ్యకండి. నెలవంక, కింద చుక్క. ఆ కంపెనీ ఇక్కడ నడిపిన ఫ్యాక్టరీ మొత్తంలో ఒకే ఒక్క మేస్త్రీ వేసే గుర్తది. గొట్టాల అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా దొరకదు. అలాంటి చెయ్యి మళ్లీ పుట్టదు!"

ఈ మాటలు చెప్పేటప్పుడు ఆయన ఛాతీ ఎప్పుడూ రెండంగుళాలు పొంగుతుంది. ఇవాళా పొంగింది.

ఆవిడ ముఖం ఎందుకో వెలిగింది.

"అంత బాగుందా బాబూ?"

"మీకేం తెలుస్తుందిలెండి."

ఇంతలో ముఖ్య అతిథి కారు వచ్చింది. సెక్రటరీ పరిగెత్తాడు.

అతిథికి అన్ని పేర్లూ రెండేసి సార్లు పలికించి, కారెక్కించి తిరిగొచ్చేసరికి పెద్దావిడ లేదు. లోర్వో సీటు మీద గుడ్డ నాలుగు మడతలుగా ఉంది. దాని మీద మిరియపు గింజంత ఇత్తడి పూస.

అనుమానంగా బండి ఊపాడు. చప్పుడు లేదు. ముందు చక్రం ఎత్తి నేలకేసి కొట్టాడు. ఊహూఁ, లేదు.

"ఏం చేసిందావిడ?"

"సీటు ఊడదీసి, బండి తలకిందులు చేసి, అరచేత్తో నాలుగు దెబ్బలేసింది. ఇది రాలిపడింది," అన్నాడు పళ్ల డాక్టరు. "గొట్టాలు అతికేటప్పుడు లోపలికి కారిన ఇత్తడట. ఇన్నేళ్లకి ఊడి గొట్టంలో దొర్లుతోందట. ఇంకో నలభయ్యేళ్లు తొక్కుకోమని చెప్పమంది."

సెక్రటరీకి కళ్లు చెమర్చాయి. నాన్న బండి గోడెక్కదు. రేపు రోడ్డెక్కుతుంది.

మరుక్షణమే సిగ్గేసింది. ఆవిడకి కుర్చీ అయినా వెయ్యలేదు. కనీసం మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

రోడ్డు మీదికి పరిగెత్తాడు. బస్సు వెళ్లిపోయింది. స్టాపు దగ్గర దుమ్ము ఇంకా లేస్తూనే ఉంది.

"పేరైనా చెప్పిందా?" అనడిగాడు రొప్పుతూ.

"పుస్తకంలో ఏదో రాసి వెళ్లింది."

వచ్చినవాళ్లు పేరు రాసే పుస్తకమది. పేరు పక్కన 'మీకు ఎన్ని సైకిళ్లున్నాయి?' అనే గడి సెక్రటరీ పెట్టించిందే. మొదటి వరసలో 'ఏడు' అని ఆయనే కొట్టొచ్చినట్టు రాసుకున్నాడు.

చివరి వరసలో, పేరుండాల్సిన చోట, చిన్న నెలవంక, దాని కింద చుక్క. పక్క గడిలో, "ఇంట్లో ఒక్కటీ లేదు బాబూ, బయట తొమ్మిది వేలు తిరుగుతున్నాయి."