దాసప్పను లేపిన కీర్తన

“గొంతు కొంచెం పెంచండమ్మా, లోపలికి వినపడల్ల!” అంది నాగరత్న.

దాసప్ప ఇంటి వరండాలో, కిటికీ పక్కనే, నలుగురు ఆడవాళ్లు చాప పరుచుకుని కూర్చున్నారు. కోలారు బజారులో నాగరత్నకు బట్టలంగడి ఉంది. ఈ కీర్తనల బృందమూ ఆమెదే. రెండేళ్లుగా సాధన చేస్తున్నా ఏ గుడివాళ్లూ పాడమని పిలవలేదు. అంగడిలో పనిచేసే చైత్ర తన మామ దాసప్పకు పక్షవాతం వచ్చి కాలూ నోరూ పడిపోయాయని చెప్పగానే, నాగరత్నకు దారి దొరికినట్టయింది.

“దేవుడి పాట వింటే లేస్తాడు. రేపట్నించి మేమే వస్తాం.”

యజమానురాలి మాటను చైత్ర కాదనలేకపోయింది.

మొదటి రోజు పాట అందుకోగానే మంచం మీది దాసప్ప కుడిచెయ్యి ఆడించాడు.

“చూడండి, తాళం వేస్తా ఉండాడు!” అని మురిసిపోయింది నాగరత్న.

రెండో రోజు ఆయన కళ్ల వెంట నీళ్లు కారాయి. భక్తి అన్నారు చూసినవాళ్లు.

“ఆయనకి అలసటేమో, ఈ పొద్దుకి చాలిద్దామా అక్కా?” అంది బృందంలో చిన్నదైన రశ్మి.

“ఊరికే ఉండు. ఇంగ రెండు పాడదాం.”

నాలుగో రోజు నాగరత్న మరీ పై స్థాయి అందుకుంది. లోపల చెంబు దొర్లిన చప్పుడు. నెల రోజులుగా మంచం దిగని దాసప్ప గోడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు! ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు. చైత్ర పరుగెత్తి పట్టుకుంది.

నాగరత్నకు ఏడుపాగలేదు. ఎవరికీ పట్టని తన గొంతుకు దేవుడు ఇంత పని అప్పజెప్పాడా!

రశ్మి ఫోనులో తీసిన వీడియో సరిహద్దు ఊరు నంగలి దాకా పాకింది. మొన్నటిదాకా తీరిక లేదన్న గుడివాళ్లే కార్లు పంపారు. ఎక్కడ పాడినా మోకాళ్ల నొప్పులవాళ్లు ముందు వరసలో చోటు కోసం తోసుకున్నారు. డాక్టరు రాసిచ్చిన మాత్రలు దాసప్ప పూటపూటా మింగుతున్న సంగతి ఎవరూ అడగలేదు.

మూడు నెలలకు కోలారులో బృందానికి సన్మానం. అప్పటికి కాస్త మాట తిరిగిన దాసప్పను కూడా వేదిక ఎక్కించారు. నాగరత్న శాలువా సర్దుకుని మైకు ఆయన నోటి దగ్గర పెట్టింది.

“చెప్పప్పా దాసప్పా, ఆ దినం నిన్ను లేపింది ఏ కీర్తన?”

సభలోవాళ్లు ఫోన్లు పైకెత్తారు. దాసప్ప బలమంతా కూడదీసుకుని, ఒక్కో మాటా పలికాడు.

“కిటికీ మూసేదానికి లేచినానమ్మా.”