ఐదో ఊపు

“సంతకం పెట్టండమ్మా, అందరం ఇళ్ళకి పోదాం,” అంటూ టోర్నమెంటు చైర్మన్ కాగితాన్ని బల్లమీద రిఫరీ వైపు తోశాడు.

ఆమె నిలబడే చదివింది. ఆఖరి త్రో-ఇన్‌లో తాను తొందరపడి లెక్కపెట్టాననీ, ఈల పొరపాటున ఊదాననీ, మిగిలిన ఆ నాలుగు సెకన్ల ఆట రేపు మళ్ళీ ఆడించడానికి తనకేమీ అభ్యంతరం లేదనీ ఉంది. కింద ఆమె పేరు కూడా టైపు కొట్టించేశారు. సంతకం ఒక్కటే తక్కువ.

“పెట్టకపోతే?”

“రేపట్నుంచి ప్యానెల్లో మీ పేరుండదు. పదకొండేళ్ళుగా ఊదుతున్న ఈల. ఆలోచించుకోండి.”

ఆలోచించడానికేముంది, ఆమెకి ఒళ్ళు మండిపోయింది. “లెక్క తప్పలేదు సార్. పెట్టను.”

ఓడిన జట్టు కోచ్ కుర్చీలోంచి లేచాడు. అమ్మాయిల బాస్కెట్‌బాల్ ఫైనల్ ఒక్క పాయింటుతో చేజారిందని అరగంటనుంచి ఆ గదిలో గొంతు చించుకుంటున్నది ఆయనే. “ఐదు సెకన్లట, ఐదు. ఆలోపు బంతి లోపలికి వెయ్యలేదని అవతలివాళ్ళకిచ్చేసింది. మూడు కూడా కాలేదు. మా పిల్ల గీత బయట బంతి పట్టుకుని ఇటు చూసి అటు తిరిగేలోపే ఈల. కనీసం పైకి లెక్కపెట్టిందా ఈవిడ?”

“నోటితో కాదు సార్, చేత్తో లెక్కపెట్టాలి. సెకనుకో ఊపు. బంతి చేతికిచ్చే ముందు ‘ఇక్కడే నిలబడి వెయ్యాలమ్మా’ అని చెప్పాను. అందరికీ కనబడేట్టు చెయ్యి ఊపాను. ఆట గడియారం ఆగే ఉంది, ఐదో ఊపుకి కూడా బంతి ఆ అమ్మాయి చేతుల్లోనే ఉంది. అప్పుడు ఊదాను.”

చైర్మన్ మూలనున్న రెండో రిఫరీ వైపు తిరిగాడు. “ఏమయ్యా, నువ్వేమంటావు?”

అతను గోడమీది పిల్లిలా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “బంతి ఇచ్చినవాళ్ళదే లెక్క సార్. ఆ టైములో నేను అవతల చొక్కాలు పట్టుకు లాగేవాళ్ళని చూస్తుంటాను.” తర్వాత ఆమె పక్కకి జరిగి, గొంతు తగ్గించి, “పెట్టెయ్యక్కా. ఒక్క సంతకమేగా,” అన్నాడు.

“నువ్వు చొక్కాలే చూసుకో,” అంది ఆమె.

ఫోన్లలో వీడియో తీసినవాళ్ళంతా బుట్టవైపే తీశారు. బంతి పట్టుకున్న పిల్లని ఒక్కరూ తియ్యలేదు. చైర్మన్‌కేమో గెలిచినవాళ్ళూ కావాలి, కోచ్ వెనకున్న పెద్దలూ కావాలి. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. అందుకే ఈ కాగితం.

“స్టాప్‌వాచ్ తియ్యండి సార్. నేను గోడవైపు తిరుగుతాను,” అంది రిఫరీ.

ఆమె చెయ్యి ఛాతీ దగ్గర్నుంచి పక్కకి ఐదుసార్లు ఊగి ఆగింది. చైర్మన్ వాచీ చూసి, “ఐదూ పాయింట్ మూడు,” అన్నాడు.

“మళ్ళీ చూడండి.”

“ఐదూ పాయింట్ నాలుగు.”

కోచ్ ఊరుకోలేదు. “నాలుగ్గోడల మధ్య ఎవరైనా లెక్కపెడతారు. అక్కడ జనం గోల చేస్తుంటే ఈవిడ చెయ్యి పరుగెత్తింది.”

“అయితే మీరు అరవండి. ఇందాక నా మీద అరిచినట్టే అరవండి.”

ఆయన నిజంగానే అరిచాడు. బల్ల గుద్దాడు. కాగితం ఎగిరి కిందపడింది. గోడవైపు తిరిగిన చెయ్యి మాత్రం తన దారిన తాను ఊగింది.

“ఐదూ పాయింట్ మూడే,” అని సణిగాడు చైర్మన్.

“ఆ వాచీ పాతది,” అన్నాడు కోచ్. ఆడలేక మద్దెల ఓడనడమంటే ఇదే.

చైర్మన్ వంగి కాగితం తీసి దులిపాడు. “వాచీల సంగతి వదిలెయ్యండమ్మా. పైనుంచి ఫోన్లొస్తున్నాయి. ఆఖరిసారి అడుగుతున్నాను.”

రిఫరీ మెడలోంచి ఈల తీసి ఆ కాగితం మీద పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాళ్ళ ముందు తుడుచుకోవడం ఇష్టంలేక అలాగే ఉంచుకుంది. “తీసుకోండి. ఈల పోతే పోయింది. నేను లెక్కపెట్టిన ఐదు మాత్రం మూడని రాయను.”

చైర్మన్ ఈలని ముట్టుకోలేదు. ఆయన నాన్చుతున్నాడని కోచ్‌కి అర్థమైంది. “మీకింకా అనుమానమైతే ఆ పిల్లనే అడుగుదాం. బంతి పట్టుకున్నది అదేగా,” అని తనే వెళ్ళి తలుపు తీసి కేకేశాడు.

పొడుగాటి అమ్మాయి లోపలికొచ్చింది. ఇంకా ఆడిన బట్టల్లోనే ఉంది, మోకాలు దోక్కుపోయి ఉంది.

“భయపడకు. నీకు ఐదు సెకన్లు ఇచ్చారా? ఉన్నదున్నట్టు చెప్పు,” అన్నాడు కోచ్.

“ఇచ్చారు సార్. మేడం చెయ్యి చూస్తూ నేనూ లెక్కపెట్టుకున్నాను. ఐదూ అయ్యాయి.”

కోచ్ ముఖం కందగడ్డలా అయింది. “ఐదు సెకన్లూ బంతి పట్టుకుని ఏం చేశావే? ఖాళీగా ఒక్కళ్ళు కూడా కనబడలేదా?”

“ముగ్గురు కనబడ్డారు సార్.”

“మరి వెయ్యడానికేం రోగం?”

ఆ అమ్మాయి తల దించలేదు.

“సెలెక్టర్లొచ్చారు, ఆఖరి బంతి మీ అమ్మాయికే వెయ్యాలి, ఇంకెవరికి వేసినా రేపట్నుంచి నేను టీమ్‌లో ఉండనని మీరేగా సార్ అన్నారు.”