నాయన తోడు

"దూరం పోవాకు. నా ముందరే నడువు," అన్నాడు శేషయ్య.

సుబ్బలక్ష్మి పుస్తకాలు గుండెకు అదుముకుని నడిచింది. కాలవ గట్టు మీద అవతలి పార్టీ మద్దిలేటి మనుషులు కూర్చుని ఉన్నారు. రోజూ ఉంటారు. బీడీలు కాలుస్తూ వాళ్ళు చూసే చూపుకు ఒళ్ళు జలదరిస్తుంది. ఓణీ సర్దుకుంది.

"బిరబిరా పోవాకు. నిదానం."

వెనక నాయన చెప్పుల చప్పుడు. ఊపిరి కూడా మెడకు తగులుతోంది. ఎవడో కాండ్రించి ఉమ్మాడు. ఆళ్ళగడ్డ బస్సెక్కేదాకా నాయన అట్లనే వెనక నడిచాడు.

పోయినేడు జొన్నచేలో ఎవడో ఒక పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. ఊళ్ళో ఎదిగిన ఆడపిల్లలందరినీ మాత్రం బడి మాన్పించారు. అందరికంటే ముందు మాన్పించింది శేషయ్యే.

"పెద్దమనిషైన పిల్లకు బడేంది?" అన్నాడు. అన్నం తినకుండా ఏడిస్తే చెంప వాయించాడు.

అట్లాంటి మనిషి ఒకరోజు తనే పుస్తకాలు తెచ్చి చేతికిచ్చాడు.

"పద. మండీకి పోతా నిన్ను బడికాడ దింపుతా. మాపటికి ఇద్దరం కలిసే వస్చాం."

తల్లి కమలాక్షమ్మ నోరు తెరుచుకుని చూసింది. సుబ్బలక్ష్మి జడ సగంలోనే వదిలేసి పరిగెత్తింది.

బళ్ళో పక్కన కూర్చునే దెబోరా రోజూ ఏడిపించేది.

"ఏమే, మీ నాయన నీకు పోలీసా? లోపలికి గూడా వస్చాడా?"

"నగుతావా? మీ నాయన ఎప్పుడన్నా వచ్చినాడా ఇట్ల?"

దెబోరా నవ్వు ఆగిపోయింది.

"లేదు. వచ్చింటే మా అక్క గూడా చదువుకునేది."

పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. పాసైతే నంద్యాలలో కాలేజీ. ఆ మాట నాయన్ను అడగడానికి సుబ్బలక్ష్మి ధైర్యం కూడగట్టుకుంటోంది.

ఆదివారం పెద్దమనుషులు పిలిచారని పోయిన శేషయ్య, సాయంత్రం కూనిరాగం తీస్తూ తిరిగొచ్చాడు. చేతిలో వేటమాంసం పొట్లం. కూర ఉడికింది. తింటూ తింటూ అన్నాడు.

"రేపట్నించి బడికి వద్దులేమ్మా."

సుబ్బలక్ష్మి చేతిలోని చెంబు కింద పెట్టేసింది.

"నేనేం తప్పు చేస్తి నాయనా? పరీచ్చలకు ఇంక నెల గూడా లేదు."

"నువ్వేం చేయలేదులే," శేషయ్య ఎముక చీకుతూ అన్నాడు. "మద్దిలేటితో ఈ పొద్దు రాజీ అయిపాయ, ఆడపిల్ల ముందర నడుస్తాంటే వాళ్ళు నా మీద కత్తెత్తరనే గదా ఇన్నాళ్ళూ నిన్ను పిల్చుకపోతాంటి."